కారు టైరూ, ఆకుపచ్చ బైకూ

ఆ గురువారం ఉదయం ఆర్డిస్ టోర్గెర్సన్ పెట్టుకున్న పని ఒక్కటే. శనివారం చర్చి ఆవరణలో జరిగే బైకుల దీవెనకు, ఆ వెంటనే బైకులన్నీ బారుగా సాగే సవారీకి, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే తీపి బిళ్లలు మూడు పళ్లేల నిండా కాల్చిపెట్టాలి. అందులో భయపడాల్సిందేమీ లేదు. అయినా ఓవెన్ వెలిగించే ముందు, పొగ వస్తే మోగే గంట పనిచేస్తోందో లేదో అని నొక్కి చూసింది. అది మోగింది. ఆ మోతకు తానే ఉలిక్కిపడి, గుండె చేత్తో పట్టుకుని కుర్చీలో కూలబడింది. డెబ్భై నాలుగేళ్ల ఆర్డిస్‌కు మామూలు రోజంటే ఇలాగే మొదలవుతుంది.

కిందటేడు కోసి దాచిన రూబార్బ్ కాడలు కొడుకు గేలెన్ గ్యారేజీలో, పెద్ద ఫ్రీజరులో ఉన్నాయి. గేలెన్ ఇల్లు రోడ్డుకు అవతలే. యాభై ఒక్క ఏళ్లవాడు, బడి బస్సులు బాగుచేసే షెడ్డులో పెద్ద మెకానిక్కు, ఇద్దరు పిల్లల్ని పెంచి వాళ్ల దారిన వాళ్లను పంపించినవాడు. అయితేనేం, సాయంత్రం ఆ గ్యారేజీ తలుపు కిందికి దిగిన చప్పుడు వినిపించేదాకా ఆర్డిస్‌కు ముద్ద దిగదు.

కారణం ఆ బైకు. తొమ్మిది వందల పౌండ్ల బరువు, వెనక అటూ ఇటూ రెండు పెట్టెలు, మధ్యలో ఇంకో పెట్టె, చేతులు ఆనించుకోవడానికి వీలుగా వెనక సీటు. ముదురు ఎరుపు సోఫాకు రెండు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. ఆర్డిస్ భర్త వెర్నన్ కూడా అలాంటి బండే నడిపాడు. నార్డెన్ ఊరి క్లబ్బుకు ఇరవై రెండేళ్లు కెప్టెన్‌గా, బండి వెనక నారింజ రంగు జెండా కట్టుకుని, బైకుల వరుసకు ముందు సాగాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. పోయింది బైకు మీద కాదు, టీవీ ముందు కుర్చీలో. అయినా ఆర్డిస్ కుర్చీలను ఏనాడూ అనుమానించలేదు.

ఈ ఆరేళ్లూ ఆ జెండా క్లబ్బు భద్రత చూసే లైల్ దగ్గర ఉంది. శనివారం దీవెన కాగానే దాన్ని, దానితోపాటే కెప్టెన్ పదవిని గేలెన్ చేతికి ఇవ్వబోతున్నారు. దానికోసం ఎంత ఎదురు చూస్తున్నాడో గేలెన్ పైకి చెప్పడు గాని, తన బండికి బిగించబోయే జెండా కర్రకు ఇప్పటికే రెండుసార్లు రంగు వేశాడు.

ఏప్రిల్లో ఒకనాడు వడగళ్ల వానలో గేలెన్ నలభై నిమిషాలు ఆలస్యమయ్యాడు. ఆర్డిస్ షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు రెండు కార్లేసుకుని వెళ్లి, పక్క ఊరి హోటల్లో హాయిగా కాఫీ తాగుతున్న మనిషిని అందరి ముందూ పేరు పెట్టి పిలిచి, "మీ అమ్మగారు మీరు బతికున్నారో లేదో కనుక్కోమన్నారు" అన్నారు. ఆ రోజు గేలెన్ ఇంటికొచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇక నా బైకు గురించి బయటివాళ్లెవరికీ ఫోన్ చెయ్యనని మాటివ్వు. కనీసం ఆ దీవెన అయ్యేదాకా."

ఆర్డిస్ మాట ఇచ్చింది. మాట ఇస్తే తప్పే మనిషి కాదు.

గ్యారేజీలో ఫ్రీజరు మూత ఎత్తి సంచీ లాగేసరికి అది అడుగున చిరిగింది. గడ్డకట్టిన రూబార్బ్ ముక్కలు గచ్చు మీద గోలీల్లా దొర్లి బైకు కిందికి పోయాయి. ఆర్డిస్ చీపురు పట్టుకుని మోకాళ్ల మీద వంగింది. అటు పెట్టెలూ ఇటు పెట్టెలూ కమ్ముకుని ఉండటంతో ఆ బండి వెనక టైరు నిలబడి చూస్తే కనిపించదు. కింది నుంచి చూస్తే కనిపిస్తుంది. ఆమెకు కనిపించింది.

బైకు టైరు అడుగు గుండ్రంగా ఉంటుంది, మలుపులో బండి వాలితే తానూ వాలేందుకు. వెర్నన్ వెనక నలభై ఏళ్లు కూర్చున్న మనిషికి ఆ మాత్రం తెలుసు. ఇది రొట్టెలు చేసే పీటలా చదునుగా ఉంది. పక్కన అంకెలున్నాయి. ఆర్డిస్ వాటిని అరచేతి మీద రాసుకుని, రూబార్బ్ సంగతి మరిచిపోయి, రోడ్డు దాటి తన కారు దగ్గరికి పరుగెత్తింది. పరుగెత్తే ముందు రెండు వైపులా రెండేసి సార్లు చూసుకుంది.

అవే అంకెలు. అదే కంపెనీ పేరు. తన చిన్న కారు టైరు గేలెన్ బైకుకు ఉంది!

మూడు వారాల కింద గేలెన్ ఆమె కారు తీసుకెళ్లి నాలుగు టైర్లూ మార్పించుకొచ్చాడు. ఆ వారమే తన బైకు వెనక టైరు కూడా మార్చాడు. షాపులో ఏ తలమాసినవాడో రెండూ కలిపేశాడు. అంటే తన టైరు బైకుకు పోయింది. మరి బైకు టైరు ఎక్కడికి పోయినట్టు? ఇంకెక్కడికి, తన కారుకే!

ఆర్డిస్ కారు చుట్టూ తిరిగింది. మూడు చక్రాల మీద అంకెలు సరిగ్గా ఉన్నాయి. నాలుగోది, వెనక కుడివైపుది, గోడకు ఆనుకుని ఉంది. గాలి కూడా దూరనంత దగ్గరగా. కనిపించడం లేదు గనక అదే అయ్యుండాలి. మూడు వారాలుగా ఆ కారులోనే ఆమె రెండు అంత్యక్రియలకు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. ఆ అంత్యక్రియల్లో తనది లేకపోవడం ఒట్టి అదృష్టమని ఇప్పుడు అర్థమైంది.

గేలెన్‌ను అడుగుదామంటే పనిలో ఉన్నాడు. కంగారులో బస్సు కింద ఉన్నవాడు తల పైకెత్తితే? బయటివాళ్లకు ఫోన్ చేద్దామంటే మాట ఇచ్చింది. కాసేపు ఆలోచించాక ఒక దారి దొరికింది. మాట ఇచ్చింది బైకు గురించి కదా. కారు గురించి ఇవ్వలేదు.

టైర్ల షాపులో రోలీ ఫోన్ ఎత్తాడు.

"బాబూ, నేను ఆర్డిస్‌ను. ముందే చెబుతున్నా, నేనే బైకు గురించీ మాట్లాడట్లేదు. నా కారు గురించే."

"చెప్పండమ్మా."

"నా కారుకు మీరు బైకు టైరు వేశారు."

అవతల గాలి మిషను చప్పుడు మాత్రం వినిపించింది.

"కారుకా?"

"వెనక, కుడివైపు. గోడవైపు."

"మీరు చూశారా?"

"ఎలా చూస్తాను నాయనా? గోడవైపు అంటున్నాగా!"

"మరి ఎలా తెలిసిందమ్మా?"

"నా టైరు ఇంకోచోట కనిపించింది గనక."

"ఎక్కడ?"

"అది చెప్పను. మాటిచ్చాను."

రోలీ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "అమ్మా, కారు చక్రానికి బైకు టైరు పట్టదు. మా షాపులో బైకుకు కారు టైరు వెయ్యం, బతిమాలినా వెయ్యం. బీమావాళ్లు మా తాట తీస్తారు."

"బైకుకు కారు టైరు అంటే అంత ప్రమాదమా?"

"దాని గురించి మా బావను అడిగితే రెండు గంటలు చెబుతాడు."

రోలీ బావంటే లైల్. మధ్యాహ్నం భోజనాల వేళకు ఈ మాట రోలీ నోటి నుంచి లైల్ చెవికి చేరింది. తొమ్మిది వందల మంది ఉన్న ఊళ్లో అంతకన్నా ఆలస్యం కాదు.

లైల్ రెండు గంటలకల్లా ఆర్డిస్ వాకిట్లో ఉన్నాడు. డెబ్భై మూడేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు డ్రైవింగు పరీక్షలు పెట్టి ఊళ్లో సగం మందిని తప్పించిన మనిషి. క్లబ్బు నిబంధనలు పదకొండు పేజీలు ఆయనే రాశాడు. కుడి మోకాలికి ఆపరేషను అయింది కాబట్టి వంగలేడు. ఇన్నేళ్లూ దీవెన రోజున టైర్ల తనిఖీ అంటే ఆయన నిలబడి అడగడం, ఎవరి టైరు వాళ్లు చూసుకుని బాగుందనడం, అంతే. ఇప్పుడు చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర గుండ్రటి అద్దం ఉన్నాయి.

"ఇదేంటి లైల్?"

"మోకాలు వంగకపోతే అద్దం వంగుతుంది. కారు తాళాలిలా ఇవ్వు."

"నడపకు! చక్రం ఊడిపోతుంది!"

"మూడడుగులు జరుపుతాను ఆర్డిస్. ఊడితే నేనే పట్టుకుంటాను."

కారును గోడ నుంచి జరిపి, అద్దం తిప్పితిప్పి చూసి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "నాలుగూ కారు టైర్లే. కొత్తవి. బంగారంలా ఉన్నాయి."

ఆర్డిస్ ఒక్క క్షణం సంతోషించింది. మరుక్షణం ఆ సంతోషం కిందికి జారిపోయింది. తన నాలుగూ తన దగ్గరే ఉంటే షాపువాళ్లు ఏమీ కలపలేదన్నమాట. గేలెన్ బైకుకు ఉన్నది అయిదోది. పొరపాటున వచ్చింది కాదు. తెలిసి, కావాలని, వాడే వేసుకున్నాడు.

"సరే," అన్నాడు లైల్, జేబులోంచి చిన్న పుస్తకం తీసి. "నీ టైరు కనిపించిన ఆ ఇంకోచోటు ఏది? ఎవరో బైకుకు కారు టైరు వేసుకుని తిరుగుతున్నారు. పధ్నాలుగో నిబంధన గుర్తుందిగా? మోటారుసైకిలుకు మోటారుసైకిలు టైరే. లేకపోతే ఆ ఏడాదంతా వరుసలో చోటు లేదు. వరుసలోనే చోటు లేనివాడు..."

మిగతాది ఆయన చెప్పనక్కర్లేదు. వరుసలో చోటు లేనివాడికి జెండా ఎక్కడిది?

"రోడ్డు మీద చూశాను," అంది ఆర్డిస్.

"ఏ బండి?"

"నాకేం తెలుసు బళ్ల పేర్లు!"

"రంగైనా తెలుస్తుందిగా?"

గేలెన్ బండి ఎరుపు. ఎరుపు కాని రంగేదైనా చాలు. ఆర్డిస్ కళ్లు దిక్కులు చూశాయి. ముందు పచ్చిక కనిపించింది.

"ఆకుపచ్చ," అంది.

లైల్ పెన్ను ఆగిపోయింది. ఆయన ముఖం చూశాక ఆర్డిస్‌కు గుర్తొచ్చింది. క్లబ్బులో పంతొమ్మిది బైకులుంటే ఆకుపచ్చది ఒక్కటే. అది పాస్టరమ్మ సోల్వేది. దీవెన చెయ్యాల్సిన మనిషిది.

"పాస్టరమ్మా!" అన్నాడు లైల్ నెమ్మదిగా, ఇంట్లో ఎవరో పోయినట్టు. పుస్తకం మూసి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఆర్డిస్ ఆయనకు ఫోన్ చేసింది. ఇది గేలెన్ బైకు గురించి కాదు గనక తప్పు లేదనుకుంది.

"లైల్, అది నీలమేమో. ఎండలో నీలం కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది కదా."

"నిన్న ఆకుపచ్చ, ఇవ్వాళ నీలం. ఆర్డిస్, నిజం చెప్పు. పాస్టరమ్మ నీతో మాట్లాడిందా?"

"అయ్యో, లేదు!"

"నిన్నేమైనా ఒత్తిడి చేసిందా?"

"ఆవిడ నాతో మాట్లాడితే కదా ఒత్తిడి చెయ్యడానికి!"

"అంటే నిన్ను తప్పించుకు తిరుగుతోందన్నమాట. అర్థమైంది. ధైర్యంగా ఉండు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం గేలెన్ తల్లి వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. కోడలు రెనీ గుమ్మం దగ్గరే నిలబడింది. రూబార్బ్ బిళ్లలు ఎదురుగా ఉన్నా గేలెన్ చెయ్యి చాచలేదు. పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

"అమ్మా, రేపు దీవెనకు ముందు లైల్ బళ్ల కింద అద్దం పెట్టి చూస్తాడట. ఎవరో ఫిర్యాదు చేశారట. నువ్వేమైనా విన్నావా?"

"నేనా? నాకెవరు చెబుతారు? కాఫీ తాగుతావా?"

"వద్దమ్మా."

ఆర్డిస్ కొడుకు ముఖం వైపు చూసింది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి బండి వెనక కూర్చుని ఆ జెండా పట్టుకున్నప్పటి ముఖమే, కాస్త బరువెక్కింది. పాత టైరును ఎప్పుడో చెత్తలో పారేశాడని, ఒక్క రాత్రిలో ఇంకోటి దొరకదని ఆమెకు తెలియదు గాని, వాడికి దారి లేదని మాత్రం తెలిసింది.

"నాయనా," అంది, "రేపు నీకు జ్వరం వస్తే?"

"జ్వరం ఎందుకొస్తుంది?"

"వస్తుందేమో. ఈ మధ్య అందరికీ వస్తోంది. చక్కగా దుప్పటి కప్పుకుని పడుకుంటే, జెండా ఎక్కడికి పోతుంది? మంచం దగ్గరికే తెచ్చిస్తారు."

రెనీ అత్తగారిని ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. "అత్తయ్యా, మీరేమైనా చేశారా?"

"బిళ్లలు చేశాను. మూడు పళ్లేలు. తిను."

శనివారం చర్చి ముందు పంతొమ్మిది బైకులు మెరిసిపోతూ బారుగా నిలబడ్డాయి. పాస్టరమ్మ సోల్వే తెల్లటి అంగీ కింద బైకు బూట్లు వేసుకుని, ఒక చేత్తో నీళ్ల గిన్నె, ఇంకో చేత్తో చల్లడానికి స్ప్రూస్ చెట్టు కొమ్మ పట్టుకుని ఉంది. లైల్ అద్దం కర్ర భుజాన వేసుకుని వచ్చాడు. తిన్నగా ఆకుపచ్చ బైకు దగ్గరికే వెళ్లాడు. అద్దాన్ని కిందికి దించాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆర్డిస్ మనసులోనే అనుకుంది: పోనీలే, అక్కడేమీ ఉండదు, పాస్టరమ్మకు ఏమీ కాదు, నేను ముసలిదాన్ని, కళ్లు మసక అంటాను, అయిపోతుంది.

"చదును," అన్నాడు లైల్. "ఇది కారు టైరే."

ఆర్డిస్ చేతిలో పళ్లెం వంగి నాలుగు బిళ్లలు నేలరాలాయి.

పాస్టరమ్మ ముఖం ఎర్రబడింది గాని తల దించుకోలేదు. "నిజమే లైల్ గారూ. రెండేళ్లయింది. నాకున్నవి నాలుగు చర్చిలు. దీనికీ దానికీ మధ్య ఇరవై మైళ్లు. బైకు టైరు వేస్తే ఆగస్టుకల్లా అరిగిపోతోంది. ఇదేమో అరగనే అరగదు. మీకు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

"పధ్నాలుగో నిబంధన..." అన్నాడు లైల్.

"తెలుసు. బండి తీసేస్తాను. దీవెనకు ఎవరినైనా పిలుచుకోండి."

లైల్ అద్దం కర్ర మడిచాడు. "దేనికోసం వచ్చానో అది దొరికింది. ఇక మిగతావి చూడక్కర్లేదు." జేబులోంచి నారింజ రంగు జెండా తీసి విప్పాడు. "గేలెన్, ఇలా రా బాబూ."

గేలెన్ కదిలాడు. గండం గడిచింది. ఆర్డిస్ నోరు మూసుకుని నిలబడితే చాలు. అంతే. జెండా నాలుగడుగుల దూరంలో ఉంది. కాని ఆ పక్క పాస్టరమ్మ నీళ్ల గిన్నె నేల మీద పెట్టి, అంత బరువు బండిని ఒక్కతే వెనక్కి నెట్టుకుంటోంది. ఎవరూ సాయం పట్టడం లేదు. సగం దూరం నెట్టి, ఆమె ఆగింది.

"ఒక్క మాట లైల్ గారూ. నా బండికి కారు టైరుందని మీకెవరు చెప్పారు?"

"ఆర్డిస్ చూసింది. రోడ్డు మీద."

"ఏ రోడ్డు మీద? ఇవ్వాళ తీసేదాకా పది రోజులు నా బండి షెడ్డులోంచి బయటికే రాలేదే!"

అందరి తలలూ ఆర్డిస్ వైపు తిరిగాయి. ఆర్డిస్ జీవితమంతా ఎన్నో ఘోరాలు ఊహించుకుంది. సుడిగాలి, విరిగిన మంచుపొర, పాడైన మయొనీస్. ఇది మాత్రం ఊహించలేదు.

"నేను ఆకుపచ్చ బండి చూడలేదు," అంది. "నోటికొచ్చింది చెప్పాను. పచ్చిక కనిపించింది, ఆకుపచ్చ అన్నాను. నేను చూసింది ఎరుపు." గడ్డంతో ఎర్ర బండి వైపు చూపింది. "మా గేలెన్‌ది. పాస్టరమ్మా, నన్ను క్షమించండి."

"అమ్మా," అన్నాడు గేలెన్. లైల్ వైపు తిరిగాడు. "అవును. అమ్మ కారుకు నాలుగు కొన్నప్పుడు నాకోసం అయిదోది కొన్నాను. రెనీ పట్టుకుంది, నేను ఎక్కించాను."

"స్పేరు కోసమన్నావు కదయ్యా!" అని జనంలోంచి రోలీ అరిచాడు. అతనికి లెక్క ఇప్పుడే కుదిరింది.

లైల్ చేతిలోని జెండా మెల్లగా వెనక్కి మడతపడింది. ఆర్డిస్ పళ్లెం మెట్టు మీద పెట్టి, పట్టుకోవడానికి ఏమీ లేక ఖాళీ చేతులతో నిలబడింది. కొడుకు ఆరేళ్ల ఆశను తన నోటితో తానే తీసి పారేసింది. వాడు బతికి ఉండాలని మొదలుపెట్టిన పని ఇది.

అప్పుడు వరుస చివర ఒక మొక్కజొన్న రైతు గొంతు సవరించుకున్నాడు.

"నాది కూడా."

"నీది కూడా ఏంటి?" అన్నాడు లైల్.

"కారు టైరే. మూడేళ్లయింది."

"నాదీ అదే," అన్నాడు పక్కవాడు. "ఎవరికీ తెలీదు. మా ఆవిడకు కూడా తెలీదు."

"తెలుసు," అంది ఆవిడ వెనక సీటు మీంచి.

ఒకరి తర్వాత ఒకరు, ఆదివారం చర్చిలో తప్పులు ఒప్పుకున్నట్టే, నేల చూస్తూ, చిన్న గొంతుతో ఒప్పుకున్నారు. లెక్క తేలేసరికి పంతొమ్మిదింటిలో పదకొండు. ప్రతివాడూ ఊరంతటికీ తానొక్కడే తప్పు చేశాననుకుని, ఇన్నేళ్లూ బండి వెనకభాగాన్ని గోడవైపు పెట్టి నిలబెడుతూ వచ్చాడు.

"నిబంధన అంటే నిబంధన," అన్నాడు లైల్. "ఎనిమిది బళ్లే వెళ్తే ఎనిమిదే వెళ్తాయి."

"ఆ ఎనిమిదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి కదండీ," అంది రెనీ. ఆమె అప్పటికే అద్దం కర్ర తీసుకుంది. "మీదే ముందు చూస్తాను."

"చూడు. అసలైన మోటారుసైకిలు టైరు."

రెనీకి అద్దం అక్కర్లేదు, మోకాళ్లు బాగానే ఉన్నాయి. లైల్ బండి వెనక కూర్చుని తొంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మోటారుసైకిలు టైరే లైల్ గారూ. కాని దీని మీద గాళ్లేవీ?"

"ఉంటాయి, సరిగ్గా చూడు."

"ఎవరి దగ్గరైనా పెన్నీ ఉందా?"

ఆ ఊళ్లో టైరు పరీక్ష అదే. లింకన్ బొమ్మ ఉన్న ఆ పైసా నాణేన్ని తలకిందులుగా పట్టుకుని టైరు గాడిలో గుచ్చితే, లింకన్ జుట్టు అందులో మునిగిపోవాలి. తలంతా బయటికి కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టు. పాస్టరమ్మ అంగీ కింద జేబులోంచి ఒకటి తీసి ఇచ్చింది. రెనీ గుచ్చింది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాడు లైల్.

"లింకన్ దొరగారు జుట్టు, గడ్డం, కోటు కాలరుతో సహా దర్శనమిస్తున్నారు. రబ్బరు అరిగి లోపలి తీగ కూడా బయటపడుతోంది. ఇవ్వాళ దీని మీదే వచ్చారా?"

చలికాలంలో అరిజోనా దాకా వెళ్లొచ్చానని లైల్ గొణిగాడు. "అందరివీ చూడటంలోనే పడి..." అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన టైరు చూసినవాళ్లు లేరు. చూపించమని అడగాలని ఎవరికీ తోచలేదు. అక్కడున్న పంతొమ్మిదింటిలో నిజంగా ప్రాణం మీదికి తెచ్చే టైరు అదొక్కటే.

అయితే లైల్ నిజాయితీ గల మనిషి. తన పదకొండు పేజీలూ జేబులోంచి తీసి, కళ్లజోడు పెట్టుకుని, అందరికీ వినిపించేలా చదివాడు. "రెండో నిబంధన. అరిగిన టైరుతో ఎవరూ వరుసలోకి రాకూడదు." కళ్లజోడు తీశాడు. "పధ్నాలుగుకన్నా రెండు ముందుంది. నేను ఆగిపోతున్నాను. ఇక పధ్నాలుగు సంగతి. మార్చాలంటే చేతులెత్తి అడగాలి. ఎత్తండి."

పదకొండు చేతులు లేచాయి. తర్వాత ఇంకో నాలుగు, మొహమాటంగా. లైల్ ఎత్తలేదు, ఆయన అలాంటివాడు కాదు. పెన్నుతో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. అప్పుడు జెండా గేలెన్ చేతిలో పెట్టాడు.

"మీ నాన్నది ఇది. చినగనివ్వకు," అన్నాడు.

గేలెన్ దాన్ని బండికి కట్టుకుంటుంటే ఆర్డిస్ పక్కకు వచ్చి నిలబడింది. ముడి సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసింది.

"అమ్మా, ఆ టైరు చూసినరోజే నన్ను అడిగి ఉంటే సరిపోయేది కదా?"

"అడిగితే నిజం చెప్పేవాడివా?"

గేలెన్ ఆలోచించాడు. "లేదు."

"మరి?"

వాడు నవ్వాడు. వంగి, హెల్మెట్టుతోనే తల్లి నుదుటికి తన నుదురు ఆనించాడు. "నొప్పి పుట్టిందా?" అన్నాడు. "పుట్టలేదులే, వెళ్లు. నెమ్మదిగా వెళ్లు." పాస్టరమ్మ ఆకుపచ్చ బండిని మళ్లీ వరుసలోకి తెచ్చుకుని, నేల మీది గిన్నె అందుకుని, పద్దెనిమిది బైకుల మీద నీళ్లు చల్లింది. లైల్ బండి మీద కూడా చల్లింది, కాస్త ఎక్కువగానే.

లైల్ బండి తప్ప బళ్లన్నీ జెండా వెనక బారుగా కదిలాయి. భోజనాల మకాం అరవై మైళ్ల దూరం. మిగిలిన రెండు పళ్లేల బిళ్లలు ఆర్డిస్ కారులో వెనకే రావాలి. లైల్ చేతులు కట్టుకుని ఖాళీ ఆవరణలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కు లైల్," అంది ఆర్డిస్. "పళ్లేలు ఒళ్లో పెట్టుకో. బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. నువ్వు పెట్టుకున్నావా?"

"రెండుసార్లు చూసుకున్నాను."

ఊరి పొలిమేర దాటకముందే ఆయన, "ముందు కంకర పోశారు చూశావా? అక్కడ జారుతుంది" అన్నాడు. ఆర్డిస్ వేగం తగ్గించింది. "ఆ పొదల్లోంచి జింక దూకితే?" అంది. "దూకుతుంది. ఎండ సరిగ్గా కళ్లలో పడే చోటే దూకుతుంది," అన్నాడు. "ఆ ట్రాక్టరువాడు చూడకుండా తిప్పేస్తే?" "తిప్పేస్తాడు. వాణ్ని నేను డ్రైవింగు పరీక్షలో మూడుసార్లు తప్పించాను." "ఆ మబ్బు చూడు, వడగళ్లదే." "వడగళ్లే. తోకలా కిందికి దిగుతోంది కూడా." ఇన్నేళ్లలో తాను చెప్పినదాన్ని కాదనకుండా, దానికి ఇంకో ముక్క కలిపిన మనిషి ఆర్డిస్‌కు ఇప్పుడే దొరికాడు. మకాం చేరేసరికి ఇద్దరూ కలిసి పదిహేడు ప్రమాదాలు కనిపెట్టారు.

వాటిలో ఒక్కటైనా జరగకపోవడం ఇద్దరికీ కాస్త వెలితిగానే అనిపించింది.